లోడుకు ఒక్క పేరే

మా ఆఫీసులో శుక్రవారం వస్తోందంటే నాకు ఒళ్ళు మండుతుంది. తిరుపతిలో అందరూ తలంటు పోసుకుని గుళ్ళకు పోయే రోజున మా యోగానంద సార్ కంప్యూటర్ ముందు కూర్చుని, అంతకు ముందు వారం యంత్రం రాసిన కోడ్ మొత్తం చెరిపేస్తారు. చెరిపేసి, మళ్ళీ మొదటి నుంచీ రాయిస్తారు. గడప కడిగి పసుపు రాసినంత శ్రద్ధగా చేస్తారు ఆ పని.

సార్ ఇరవై రెండేళ్ళు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక కొర్లగుంటలో టెంకాయల కొట్టు మీద ఈ ఆఫీసు పెట్టారు. మేం ఐదుగురం. నేను, అంటే ధరణి, చేరి మూడేళ్ళయింది. పని బాగా చేస్తానని పేరుంది, కోపం ముక్కు మీదే ఉంటుందని అంతకన్నా ఎక్కువ పేరుంది. రెండూ నిజమే.

ఈ ఏడు మాకు వచ్చిన పని చిత్తూరు బయట ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీది. జూన్ వచ్చిందంటే ఆ ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు మైలు పొడుగున నిలబడిపోతాయి. అందుకని ఈసారి టోకెన్లు పెట్టారు. రైతు ఫోన్లోనే టోకెన్ తీసుకుంటాడు, చెప్పిన వేళకు బండి తెస్తాడు, కాటా ఎక్కిస్తాడు, దించి పోతాడు. రైతు ఫోనుకూ ఫ్యాక్టరీకీ మధ్య నడిచే వెబ్ సర్వీస్ మేం చేయాలి. గేటు దగ్గర, కాటా దగ్గర ఉండే కంప్యూటర్ల పని వేరే వాళ్ళది.

మా కంప్యూటరూ వాళ్ళ కంప్యూటరూ మాట్లాడుకోవాలంటే ముందే ఒక ఒప్పందం ఉండాలి. ఏం అడగాలి, ఏం జవాబివ్వాలి, జవాబులో ఏయే వివరాలు తప్పనిసరి, ఏది ఎన్నిసార్లు రావచ్చు, ఇదంతా ఒక ఫైల్లో రాసిపెడతారు. దాన్ని ఇంటర్‌ఫేస్ ఫైలు అంటాం. మాకు ఫ్యాక్టరీ పంపిన ఫైలు గట్టిగా రెండు వందల వరసలు లేదు. కానీ దాన్ని జనరేటర్ అనే పనిముట్టుకు అప్పజెబితే, మనం టీ గ్లాసు ఎత్తి దించేలోపు నాలుగు వేల వరసల కోడ్ రాసి పెడుతుంది. రాసిన ప్రతి ఫైలు తలమీదా ఒక హెచ్చరిక కూడా పెడుతుంది, ఇది యంత్రం రాసినది, చేత్తో దిద్దవద్దు అని. ఆ వరస నేను వెయ్యిసార్లు చదివి ఉంటాను. చదవడం వేరు, లెక్కచేయడం వేరు.

మా చిన్నమ్మ మునిలక్ష్మికి ఐరాల దగ్గర ముప్పై చిల్లర తోతాపురి చెట్లున్నాయి. మా చిన్నాయన లారీల మీద పోతాడు కాబట్టి తోట మొత్తం ఆమే చూసుకుంటుంది. నేను ఈ టోకెన్ల పనిలో ఉన్నానని మా అమ్మ ఊరంతా టాంటాం వేసింది. మర్నాడే చిన్నమ్మ ఫోన్ చేసింది.

"మే ధరణీ, ఫ్యాక్టరీ టోకెన్లు నువ్వే సేస్తా ఉండావంట గదా."

"అవును సిన్నమ్మా."

"అయితే నా పేరు దాంట్లో యెయ్యి మే. రమణన్న పేరు కింద గాదు. నా పేరు."

ఎందుకడిగిందో నాకు తెలుసు. ఆ చెట్లు ఒక్క కోతకు ట్రాక్టర్ నిండా కాయ ఇవ్వవు. ఐరాల వైపు చిన్న రైతులందరిదీ అదే కథ. నలుగురు కలిసి ఒక బండిలో వేసుకుని పోతారు. బండి వెంకటరమణది, చిన్నమ్మ చెప్పిన రమణన్నది. ఒకరి కాయకూ ఒకరి కాయకూ మధ్య వరిగడ్డి పరుస్తారు, కలిసిపోకుండా. కానీ గేటు దగ్గర కాటా చీటీ మీద పడేది వెంకటరమణ ఒక్కడి పేరే. లోడుకు ఒక్క పేరే అని ఫ్యాక్టరీ రూలు.

పోయినేడు కూలీలు దొరికిన రోజు వదులుకోలేక వెంకటరమణ తన తోటలో సగం పక్వానికి రాని కాయను కూడా కర్రలతో రాలగొట్టించాడు. చిన్నమ్మ మాత్రం చిక్కం కట్టిన గడతో ఒక్కో కాయా దించుకుంది. గేటు దగ్గర మేస్త్రీ బండి వెనక తలుపు తీసి చూశాడు, అడుగున ఉన్న పచ్చికాయ కనిపించింది, లోడు వాపసు అని రాసేశాడు. మొత్తం లోడు. ఆమె కాయ కూడా ఆ బండిలోనే వెనక్కి వచ్చింది. మూడు రోజులు అటూ ఇటూ తిరిగి, కాయ మెత్తబడ్డాక రోడ్డు పక్కన ఆవులకు పోసింది.

"కాయ పోయినందుకు గాదు మే నా ఏడుపు. నా కాయ ఎట్లుండాదో ఒక్కడన్నా సూసినాడా? ఈసారి గూడా అట్నే అయితే నేను సెట్లు కొట్టించేస్తా. సత్తెంగా సెప్తా ఉండా."

చిన్నమ్మ ఉత్తమాట అనే మనిషి కాదు. ఆ చెట్లు ఆమె నీళ్ళు మోసి పెంచినవి. "నీ పేరు యేస్తాలే సిన్నమ్మా, అదెంత పని" అనేశాను.

ఎంత పనో ఆ మధ్యాహ్నమే తెలిసింది. ఇంటర్‌ఫేస్ ఫైల్లో లోడు అనే చోట బండి నంబరు ఉంది, ఊరు ఉంది, కాయ రకం ఉంది. రైతు అని కూడా ఉంది. దాని పక్కనే, ఎక్కువలో ఎక్కువ ఎన్నిసార్లు రావచ్చంటే, ఒకటి. జనరేటర్ ఆ ఒకటిని చూసి, ఒక్క రైతు పట్టేంత కోడే రాసింది. రెండో పేరు పెట్టడానికి జాగా లేదు.

బుద్ధిగా ఉండే మనిషైతే ఫ్యాక్టరీకి ఉత్తరం రాసి ఆ ఒకటిని మార్చమని అడుగుతుంది. కానీ ఆ ఫైలు ఫ్యాక్టరీ ఆఫీసు పెద్ద పంకజాక్షి గారి చేతిలో ఉంది. ఆమె సంతకమైన కాగితంలో కామా కూడా కదలదని మా ఆఫీసులో అందరూ చెప్పుకుంటారు. సీజన్‌కు చూస్తే మూడు వారాలు కూడా లేదు. ఉత్తరాలు, జవాబులు, మీటింగులు ఎవరు పడతారు? యంత్రం రాసిన కోడ్ తెరిచి, ఒక్క రైతు ఉన్న చోట రైతుల జాబితా అని నేనే దిద్దేశాను. దానికి తగ్గట్టు ఇంకో పది చోట్ల సర్దాను. ఫోన్ తెర మీద 'ఇంకో రైతును చేర్చు' అని ఒక బటన్ పెట్టాను. నా కంప్యూటర్ మీద నలుగురి పేర్లతో లోడు చక్కగా పోయింది. నాకు నేనే భుజం తట్టుకున్నాను.

శుక్రవారం సార్ చెరిపేశారు. మళ్ళీ రాయించిన కోడ్‌కు అతకడం లేదని నా పది సర్దుబాట్లూ, ఆ బటనూ కూడా తీసేశారు.

అది జరుగుతుందని నాకు తెలియకపోలేదు, కానీ ఆ వారం తప్పుకుంటుందని ఏదో ఆశ. సోమవారం కూర్చుని అన్నీ మళ్ళీ దిద్దాను. ఈసారి ఏయే చోట్ల దిద్దానో ఒక కాగితం మీద రాసి సొరుగులో దాచుకున్నాను, మళ్ళీ చెరిపితే మళ్ళీ పెట్టుకోవచ్చని. తర్వాతి శుక్రవారం నాకు జ్వరం వచ్చి ఆఫీసుకు పోలేదు. శనివారం ఐరాలలో రైతులకు టోకెన్ ఎలా తీసుకోవాలో చూపించాలి. జ్వరం తగ్గీ తగ్గకముందే పొద్దున్నే బస్సెక్కాను.

వెంకటరమణ ట్రాక్టర్ షెడ్డులో ఎనిమిది మంది కూర్చున్నారు. చిన్నమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని ముందు వరసలో ఉంది. నేను ఫోన్ పైకెత్తి, లోడు వివరాలు ఒక్కొక్కటీ నింపుతూ గొప్పగా చెప్పుకుంటూ పోయాను. "ఇప్పుడు రైతుల పేర్లు" అంటూ కిందికి జరిపాను. ఒక్క గడే ఉంది. బటన్ లేదు. ఇంకా కిందికి జరిపాను. పైకి జరిపాను. లేని బటన్ ఎక్కడినుంచి వస్తుంది? నిన్న శుక్రవారం.

"ఏం పాపా, మీ సిన్నమ్మ పేరు యాడ?" అన్నాడు వెంకటరమణ. అతను చెడ్డవాడు కాదు, కానీ ఎగతాళి చేసే అవకాశం వస్తే నిద్రలో కూడా లేచి కూర్చుంటాడు. "పోనీలే, నా పేరే రాసెయ్. అలవాటైన పేరు గదా, కంప్యూటరుకు గూడా కష్టం ఉండదు."

అందరూ నవ్వారు. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు. అదే నాకు సిగ్గుగా ఉండింది. ఇంటికి తీసుకుపోయి సంగటీ చెనిక్కాయల ఊరుబిండీ పెట్టింది. నేను తినకుండా బయటికి వచ్చి సార్‌కు ఫోన్ చేశాను. చేసి, మూడేళ్ళలో ఎప్పుడూ మాట్లాడనట్టు మాట్లాడాను.

"నేను దిద్దినట్టు మీకు కనిపించలేదా సార్?"

"కనిపించింది. పోయిన శుక్రవారం కూడా కనిపించింది."

"కనిపించీ చెరిపేసినారా?"

"యంత్రం రాసింది ఎప్పుడు చెరిపేసినా మనకు బాధ ఉండకూడదు ధరణీ. బాధ ఉండాదంటే దాంట్లో మన చెయ్యి పడిందని అర్థం. సరే, నేను నోరు తెరిచి చెప్పి ఉండాల. నీ అంతట నువ్వే వచ్చి అడుగుతావేమోనని సూసినా. తప్పు నాదే." సార్ తప్పు ఒప్పుకోవడం నేనెప్పుడూ వినలేదు. నా కోపానికి కాలు విరిగినట్టయింది. ఆయన మళ్ళీ అన్నారు. "ఒకటి విను. నేను చెరపకపోయినా నీ పని జరిగేది కాదు. గేటు దగ్గరి కంప్యూటరుకు కూడా ఆ ఫైలు నుంచే కోడ్ రాయించినారు. నువ్వు రెండు పేర్లు పంపితే అది మొత్తం లోడునే వెనక్కి కొట్టేది. సీజన్ మొదటి రోజు, గేటు ముందర."

నేనేం చేయబోయానో నాకు అప్పుడు అర్థమైంది. ఒక మాటిచ్చి, దాన్ని నిలబెట్టుకోవాలని, చిన్నమ్మ కాయను రెండోసారి కూడా వాపసు కొట్టించబోయాను. ఈసారి వెంకటరమణ మీద నెట్టడానికి కూడా లేదు.

లోపలికి వచ్చి కూర్చున్నాను. చిన్నమ్మ నా కంచంలో ఇంకో ముద్ద వేసి, "ఇప్పుడు సెప్పు మే, ఏమయింది?" అంది. ఆమెకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలో తెలీక కాసేపు తన్నుకుని, చివరికి ఇలా చెప్పాను. టైలరు దగ్గర కొలతల చీటీ ఉంటుంది కదా, ఆ చీటీ చూసే జాకెట్టు కుడతాడు. చీటీలో కొలత తక్కువ పడింది. నేను జాకెట్టు కుట్లు విప్పి వదులు చేసుకుంటున్నాను. టైలరేమో వారం వారం పాత జాకెట్టు పడేసి, చీటీ చూసి కొత్తది కుడుతున్నాడు.

చిన్నమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అయితే కుట్లు ఇప్పడమేంది? సీటీలోనే మార్సాల గదా."

"ఆ చీటీ ఫ్యాక్టరీ మేడమ్ దగ్గర ఉండాది. ఆమె మార్చదు."

"అడిగితివా?"

అడగలేదు. రెండు వారాల్లో ఫ్యాక్టరీకి నేను ఒక్క ఉత్తరం రాయలేదు, ఒక్క ఫోన్ చేయలేదు. ఆ మాట చిన్నమ్మ ముఖం చూస్తూ చెప్పడం నా వల్ల కాలేదు. ముద్ద మింగుతూ తల అడ్డంగా ఊపాను. "సరే, సోమవారం నేను గూడా వస్తా. పోదాం" అని ఆమె ఎంగిలి కంచం తీసుకుని లేచింది.

సోమవారం చిత్తూరు బస్టాండులో కలుసుకుని ఫ్యాక్టరీకి ఆటోలో పోయాం. చిన్నమ్మ సంచిలో నాలుగు కాయలు తెచ్చింది. ఎందుకు సిన్నమ్మా, లంచమా అంటే, "వట్టి సేతులతో ఎట్ల పోయేది" అని కసిరింది.

పంకజాక్షి గారికి యాభై దాటి ఉంటాయి. కళ్ళద్దాలు ముక్కు చివరకు జార్చుకుని, పైనుంచి చూస్తూ మాట్లాడతారు. మేం చెప్పిందంతా విని, ఒక్క మాటలో తేల్చేశారు.

"కుదరదు. లోడుకు ఒక పేరే. ఎప్పటినుంచో అంతే."

నా ముక్కు మీదికి రావలసింది వచ్చేసింది. "ఎప్పటినుంచి మేడమ్? ఎవరు పెట్టినారు? ఎక్కడన్నా రాసి ఉండాదా?"

ఆమె కూడా తక్కువ తినలేదు. "ఉండాది. చూపిస్తా ఉండు" అని లేచి బీరువా తీశారు. పాత కాటా చీటీల పుస్తకం ఒకటి తీసి బల్ల మీద వేశారు. "ఆ ఫైలు రాసేటప్పుడు కంప్యూటర్ వాళ్ళ పక్కన కూర్చుని చెప్పింది నేనే. ఈ చీటీ చూసి, ఒక్కో గీతా చదివి చెప్పినా. ఇదో బండి నంబరు. ఇదో ఊరు. ఇదో రకం. ఇదో రైతు పేరు. ఒకటే గీత. చూసుకో."

నేను చూశాను. చిన్నమ్మ చూసింది. అరచేతి వెడల్పు కాగితం. దాని మీద రైతు పేరు అని అచ్చేసి, పక్కన ఒక్క చుక్కల గీత.

"ఒకటే గీత ఎందుకుండాదమ్మా?" అంది చిన్నమ్మ. వాదన కోసం కాదు, తెలుసుకుందామనే అడిగింది.

"కాగితం ఇంతే కదమ్మా. రెండో గీత ఎక్కడ పట్టు..." అంటూ పంకజాక్షి గారు ఆగిపోయారు. పుస్తకాన్ని తన వైపు తిప్పుకుని ఆ చీటీని కాసేపు అలాగే చూశారు. చిత్తూరులో ఏ ప్రెస్సు వాళ్ళో ఏ ఏడాదిలోనో కాగితం మిగుల్చుకోవడానికి ఒక గీత తగ్గించి ఉంటారు. అది రూలయింది. రూలు ఫైల్లోకి ఎక్కింది. ఫైలును చూసి జనరేటర్ నాలుగు వేల వరసలు రాసింది. నవ్వు వస్తోంది కానీ ఆమె ముందు నవ్వితే పని చెడుతుందని బుగ్గలు కొరుక్కుని కూర్చున్నాను.

ఆమె అంత తేలిగ్గా దిగలేదు. "సరే, నాలుగు పేర్లు రాసినామనుకో. పచ్చికాయ వస్తే ఎవరిని అడగాల?"

"ఎవురి కాయ పచ్చిగుంటే వాళ్ళని."

"ఎవరి కాయ ఏదో మాకెట్ల తెలుస్తుంది?"

"మద్దెలో గడ్డి పరస్తాం గదమ్మా."

పంకజాక్షి గారు కళ్ళద్దాలు తీసేశారు. "ఆ గడ్డి అందుకా? కాయకు దెబ్బ తగలకుండా మెత్తకు వేస్తారనుకున్నామే. ఏటా సీజన్‌లో గడ్డి ఊడవలేక మా వాళ్ళు మీ ఐరాల వాళ్ళను తిట్టని దినం లేదు."

"మేమేమో మీరు తెలిసీ పట్టించుకోలేదనుకుంటిమి" అంది చిన్నమ్మ. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు పంకజాక్షి గారే నవ్వారు. అప్పుడు నేను కూడా బుగ్గలు వదిలేశాను.

తర్వాత మాటలు సాఫీగా సాగాయి. పై పొర ముందు దించాలి, బండి కాటా ఎక్కాలి, తర్వాతి పొర దించాలి, మళ్ళీ ఎక్కాలి. ఒక్కో బండికి పావుగంట ఎక్కువ పడుతుందని పంకజాక్షి గారు అడ్డం పడ్డారు. "పోయినేడు నా కాయ మూడు దినాలు బండి మీదనే ఉండిందమ్మా, కాల్గంటకు ఏమయితాది" అంది చిన్నమ్మ. గొంతు పెంచలేదు, ముఖం మాత్రం కిందికి దించుకుంది. ఆవులకు పోసిన సంగతి ఆమె చెప్పలేదు, నేనే చెప్పాను. పంకజాక్షి గారు కంప్యూటర్ తన వైపు లాక్కున్నారు.

"ఎంతమంది పెట్టమంటావు?"

"లెక్క లేకుండా పెట్టేయండి మేడమ్, ఎంతమందైనా రావచ్చు."

"ఊరంతా ఒకే బండిలో వస్తే నేనేం కావాల? నలుగురు. అంతే."

ఒక వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసే మనిషి ఆమె. ఫైలు తెరిచి, రైతు అన్న చోటు పట్టుకుని, ఒకటి చెరిపి నాలుగు కొట్టారు. గేటు కంప్యూటర్ల వాళ్ళకు ఫోన్ చేసి, వాళ్ళ కోడ్ కూడా కొత్త ఫైలుతో మళ్ళీ రాయించుకోమని, గురువారానికల్లా కావాలని హుకుం జారీ చేశారు. నేను భయపడిన మీటింగులన్నీ అంతటితో అయిపోయాయి. చిన్నమ్మ సంచిలోంచి కాయలు తీసి బల్ల మీద పెట్టింది. పంకజాక్షి గారు ఒకటి చేతిలోకి తీసుకుని, తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి, వాసన చూశారు. "చిక్కంతో కోసినావు కదా" అన్నారు. చిన్నమ్మ తల పైకెత్తింది. ఆ తర్వాత బస్టాండు దాకా ఆమె నడక చూడాలి.

మంగళవారం ఆఫీసులో సార్ కుర్చీలోంచి లేచి, "నువ్వే చెయ్యి" అన్నారు. శుక్రవారం కాకపోయినా ఆ రోజు శుక్రవారం పని నా చేతికిచ్చారు. యంత్రం రాసినదంతా నేనే చెరిపేశాను. ఏమీ బాధ కలగలేదు. కొత్త ఫైలు ఇచ్చాను. జనరేటర్ మళ్ళీ నాలుగు వేల వరసలు రాసింది, ఈసారి రైతు ఉన్న చోట రైతుల జాబితా ఉంది. రెండు వారాలు నేను దొంగచాటుగా దిద్దిన పని అది ఒక్క గుక్కలో చేసి చూపించింది, అదీ నాకన్నా శుభ్రంగా. వెంటనే మా సొంత కోడ్‌లో ముప్పై ఒక్క చోట తప్పని చూపే ఎర్రగీతలు వచ్చాయి. రైతు ఒక్కడే అని మేం అనుకుని రాసిన చోట్లన్నీ అవే. నేను చేత్తో సర్దినప్పుడు అందులో పది మాత్రమే పట్టుకున్నాను. మిగతా ఇరవై ఒకటీ సీజన్ మధ్యలో ఒక్కొక్కటిగా బయటపడి మా పరువు తీసేవి. సొరుగులో దాచిన కాగితం చింపి పారేసి, సాయంత్రానికల్లా ముప్పై ఒకటీ సర్దాం. సార్ కింద కొట్టు నుంచి అందరికీ టెంకాయ నీళ్ళు తెప్పించారు.

శుక్రవారం సీజన్ మొదలు. సార్ ఆఫీసులో తన పని తాను చేసుకుంటూ ఉంటే, నేను ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉన్నాను, ఏదన్నా తేడా వస్తే చూసుకోవడానికి. పదింటికి వెంకటరమణ బండి వచ్చింది. దాని టోకెన్ మీద నాలుగు పేర్లున్నాయి. అందరికన్నా ఆఖరున చిన్నమ్మ కాయ వేశారట, అంటే ఆమెది పై పొర. మేస్త్రీ ఈసారి బండి తలుపు ఒక్కటే తీసి ఊరుకోలేదు. పైకెక్కి, ఒక్కో గడ్డి పొరా ఎత్తి, ఒక్కొక్కరి కాయా విడివిడిగా చూశాడు. అడుగు పొర దగ్గర నాలుగు కాయలు తీసి కోసి చూసి, "ఇది ఎవరిదప్పా, రొంత పచ్చిగా ఉండాది, దీన్ని దించొద్దు" అన్నాడు. వెంకటరమణ ఆకాశం వైపు చూశాడు.

"ఏమన్నా, కంప్యూటరుకు నీ పేరు అలవాటే గదా" అన్నాను నేను. అనకూడదు, కానీ నేనూ మనిషినే. అతను తల గోక్కుని, "సరేలే పాపా, ఒగ దెబ్బకు ఒగ దెబ్బ" అని నవ్వేశాడు.

వాపసు పడింది అతని పొర ఒక్కటే. మిగతా మూడు పొరలకూ గేటు తెరుచుకుంది. బండి కాటా వైపు కదిలింది, వెనకాలే చిన్నమ్మా, కలిసి వేసుకొచ్చిన మిగతా ఇద్దరూ, నేనూ నడిచాం. కాటా గదిలో కూర్చున్న గుమాస్తా తెర చూసి, మైకు అందుకున్నాడు. గేటు మీది స్పీకరు గరగరమంది.

"మునిలక్ష్మి, ఐరాల."

ఎవరూ పలకలేదు. చిన్నమ్మ చుట్టూ ఉన్న ఆడవాళ్ళ వైపు చూస్తోంది, ఆ మునిలక్ష్మి ఎవరో, బండి దగ్గరికి రాదేమని. పద్దెనిమిది సీజన్లుగా ఈ గేటుకు వస్తున్న మనిషి. ఈ గేటు ఒక్కసారి కూడా ఆమెను పేరు పెట్టి పిలవలేదు. ఆమెనే చూస్తూ నేను కూడా చెప్పడం మరిచిపోయాను.

"మునిలక్ష్మి ఎవరమ్మా?" గుమాస్తా మళ్ళీ అడిగాడు.

"నిన్నే మే పిలిసేది" అన్నాడు వెంకటరమణ ట్రాక్టర్ మీదనుంచి.

చిన్నమ్మ గబగబా కొంగు భుజం మీదికి సర్దుకుంది. నాలుగడుగులు వేసి కాటా గది కిటికీ ముందు నిలబడింది. ముఖం ఎర్రబడిపోయి ఉంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, పెదాల మీద మాత్రం దాచుకోలేని నవ్వు.

"నేనే సామీ" అంది. తర్వాత కొంచెం ఆగి, "సరింగా ఇనబళ్ళా. ఇంగోసారి పిలువు" అంది.

గుమాస్తా ఆమె ముఖంలోకి చూసి, మైకు మళ్ళీ నోటి దగ్గరికి తీసుకున్నాడు.